ఫోనక్క నిద్రపోయిన రోజు

వార్డులో కుర్ర నర్సులు ఆమెకు పెట్టిన పేరు ఫోనక్క. రాత్రి డ్యూటీ దిగి, పేషెంట్లందర్నీ పగటి సిస్టరుకు అప్పజెప్పి, ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే ఫోను అందుకునేది.

"మూడో మంచం తాతగారికి జ్వరం దిగిందా?"

"అక్కా, నువ్విలా వెళ్ళావో లేదో! ఆ థర్మామీటరునైనా కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు."

ఫోను పెట్టేసి మంచమెక్కినా కంటిమీదికి కునుకు వచ్చేది కాదు. పక్కింటి వాషింగ్ మెషిన్ కుయ్యిమంటే చాలు, సెలైన్ అయిపోయి అలారం మోగిందనుకుని లేచి పరుగు. ఒకసారైతే వీధి గుమ్మం దాటాక గానీ ఒంటిమీద నైటీ ఉన్న సంగతి గుర్తు రాలేదు.

హెడ్ నర్సు మాత్రం దీన్ని నవ్వి వదిలేయలేదు. ఫోనక్క సిరంజి పట్టుకుని నిలబడే కునికిపాట్లు పడటం మొన్న ఆవిడ కళ్ళారా చూసింది.

"చూడమ్మా, నువ్వు బంగారమే. కానీ నిద్రలేని చేతికి సూది ఇవ్వను. ఈ వారం కూడా ఇలాగే వస్తే రిసెప్షన్లో కూర్చోబెడతా. అక్కడ నీ ఇష్టం, పొద్దస్తమానం ఫోన్లే!"

ఫోనక్క ప్రాణం ఉసూరుమంది. సూది గుచ్చుతూ కూడా రోగిని నవ్వించగల మనిషి, కౌంటరు వెనక కూర్చుని ఏం చేస్తుంది?

సంగతి విని అత్తగారు నడుం బిగించింది. "ఆ పగటి పిల్లకి చెప్పింది చాలకపోతే నాక్కూడా అప్పజెప్పు. బెంగంతా నా నెత్తిన పెట్టేసి హాయిగా పడుకో."

మర్నాడు పొద్దున టిఫిన్ తింటూ, ఫోనక్క పేర్లు ఎత్తకుండా మంచాల వారీగా చెప్పుకొచ్చింది. అత్తగారు టీవీ కట్టేసి మరీ వింది.

"మరి ఆ ఐదో మంచం ఆవిడ మొగుడితో మాట్లాడుతోందా?"

"అది మా రిపోర్టులో ఉండదత్తయ్యా."

"ఉండాలి. అసలు రోగం అదే అయ్యుంటుంది!"

ఫోనక్క వెళ్ళి పడుకుంది. గది బయట అడుగుల చప్పుడు, అటూ ఇటూ. కాసేపటికి తలుపు తోసుకుని అత్తగారు వచ్చేసింది.

"అమ్మాయ్, నిద్రపోయావా?"

"పోనిస్తేగా!"

"ఆ మూడో మంచం పెద్దాయన... ఒక్కసారి ఫోన్ చేద్దామే."

"ఎందుకత్తయ్యా, అక్కడ సిస్టర్ ఉంది కదా?"

"చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

"ఏం తెలుసేంటి! నాకంటే చురుకు. తేడా కనిపిస్తే డాక్టరుగారిని టీ కూడా తాగనివ్వకుండా లాక్కొస్తుంది. మనం ఫోన్ చేస్తే ఆ కాస్త టైమూ మనతో మాట్లాడ్డానికే సరిపోతుంది."

అనేసి టక్కున ఆగిపోయింది. పదిమంది పదిసార్లు చెప్పినా చెవికెక్కని మాట. ఇప్పుడు తన నోటినుంచే వచ్చింది.

"అంతేనంటావా?" అత్తగారి మనసు ఇంకా కుదుటపడలేదు.

"అంతేనత్త..."

మిగతాది ఆవలింతలో కలిసిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి.

అత్తగారు నమ్మలేనట్టు వంగి చూసింది. విసవిసా హాల్లోకి వెళ్ళి కొడుకు మీద విరుచుకుపడింది.

"చూశావట్రా నీ పెళ్ళాన్ని? వార్డు వార్డంతా గాలికొదిలేసి ఎలా గుర్రు పెడుతోందో! ఆ నంబరేదో నాకివ్వు."