ఎడారికి శాలువా ఎందుకు?

ఆ వేసవిలో నేను కుళ్లిపోయాను. దీన్ని కాస్త గౌరవంగా చెప్పుకునే మాటలు తెలుగులో చాలానే ఉన్నాయి గానీ, నాలో ఉన్నది మాత్రం అచ్చంగా కుళ్లే.

చిలకలూరిపేటలో ఆడపిల్లల హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఆమె లెక్కల టీచరు. నాకంటే ఆరేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. ఎనభైల మధ్య సంవత్సరాలవి. బోట్స్వానాలో టీచర్లు కావాలని పేపర్లో పడిన ప్రకటన చూసింది నేను. దాన్ని కత్తిరించి స్టాఫ్ రూముకి తెచ్చింది నేను. నా ఇంగ్లీషు బాగుంటుందని తన దరఖాస్తు కూడా నాచేతే రాయించుకుంది. రెండు కవర్లూ ఒకేరోజు, ఒకే పోస్టు డబ్బాలో వేశాం. మద్రాసుకి ఇంటర్వ్యూకి రమ్మని ఆమెకి పిలుపు వచ్చింది. నాకు రాలేదు. లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్లే కావాలట. సోషల్ చెప్పడానికి వాళ్ల మనుషులు వాళ్లకున్నారట.

ఆఫ్రికా పటం నేను నల్లబల్ల మీద చాక్‌పీసు ఎత్తకుండా గీస్తాను. కలహారి ఎడారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ నది సముద్రాన్ని చేరకుండా ఆ ఇసుకలోనే ఇంకిపోతుందో పదిహేనేళ్లుగా చెబుతున్నాను. ఆర్డరు వచ్చిన రోజు ఆమె గోడ మీద పటం ముందు నిలబడి, "అక్కా, మన ఊరు నైజీరియాకి పైనా, కిందా?" అని అడిగింది. అప్పుడే మన ఊరైపోయింది! అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి అన్నం తినలేదు. ఏమైందని మా ఆయన అడిగితే తలనొప్పి అన్నాను. "అది ఆ అమ్మాయి విమానం ఎక్కితే గానీ తగ్గదులే," అన్నారు.

ప్రయాణం జూన్‌లో. వాళ్లాయన జిన్నింగ్ మిల్లులో గుమాస్తా, ఏడాది తర్వాత వెళ్తాడు. ముందు తనూ, ఆరేళ్ల కూతురూ. ఆ పిల్లకి కాస్త చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. వేసవి సెలవులంతా ఆమె మధ్యాహ్నం పూట పొడుగు నోట్‌బుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చేది. "నువ్వు లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదక్కా" అనేది. నేను మజ్జిగిచ్చి, పక్కన కూర్చుని, ఏమేం పట్టుకెళ్లాలో చెప్పేదాన్ని. ఆమె రాసుకునేది. ఆమె చేతిరాత కూడా నాకు కంటగింపుగానే ఉండేది.

మా వైపు వాళ్లకి ఎండంటే భయం కాదు, గర్వం. ఎడారికి వెళ్తోందని తెలిసి వీధి వీధంతా సలహాలిచ్చింది. సబ్జా గింజలు పట్టుకెళ్లమని ఒకావిడ, వడదెబ్బ కొట్టకుండా కొంగున ఉల్లిపాయ కట్టుకోమని ఇంకొకావిడ. తాటాకు విసనకర్రలు రెండు, నల్ల గొడుగు ఒకటి, నేత చీరలు పది.

"ఎండ నాకు కొత్తా అక్కా? రెంటచింతలలో పుట్టినదాన్ని. ఆ ఎడారే నన్ను చూసి భయపడాలి," అని పకపకా నవ్వేది.

మే నెలలో కారం పట్టించాం. మిరపకాయలు మా మేడ మీదే ఎండబోసి, నేనూ ఆమే కూర్చుని తొడిమలు తీశాం. మిల్లులో ఆ ఘాటుకి ఇద్దరికీ ఒకటే తుమ్ములు, కళ్లవెంట నీళ్లు. ఆమె కొంగుతో తుడుచుకుని నవ్వుతోంది. నేను మాత్రం దొరికిందే సందని నిజంగానే ఏడ్చాను. కారం మిల్లులో ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు పెట్టెలు తూచడానికి జిన్నింగ్ మిల్లుకి వెళ్లాం. టికెట్టుకి ఇరవై కిలోలే పట్టుకెళ్లనిస్తారు. పత్తి బోరేలు తూచే కాటా మీద వాళ్లాయన పెట్టెలు పెడితే రెండు కిలోలు ఎక్కువొచ్చింది. ఆమె పెట్టె తెరిచి పైనున్న శాలువా తీసింది. వాళ్లత్తగారు కాశీ నుంచి తెచ్చిన మందపాటి ఉన్ని శాలువా. పిల్లకి కప్పడానికి పెట్టుకుంది.

"ఇది తియ్యనా, రెండు కిలోల కారం తియ్యనా అక్కా? అక్కడ రాత్రిళ్లు చలేమైనా ఉంటుందా? నువ్వెంతంటే అంత."

నాకు తెలుసు. భూమధ్యరేఖకి అవతల కాబట్టి మనకి జూన్‌లో ఎండలైతే వాళ్లకి చలికాలం. ఇసుక పగలు ఎంత తొందరగా కాలుతుందో రాత్రి అంత తొందరగా చల్లారుతుంది. తొమ్మిదో తరగతికి ఏటా ఇచ్చే ప్రశ్న అది. చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే వాళ్లాయన నవ్వుతూ అన్నాడు: "చెప్పండి మేడమ్. మీరు పటాల్లో చూసిందంతా మా ఆవిడ కళ్లారా చూడబోతోంది."

"ఎడారికి శాలువా ఎందుకమ్మాయ్, కారం ఉంచుకో," అన్నాను.

ఆమె వెంటనే ఆ శాలువా నా భుజాన కప్పింది. "అయితే నేనొచ్చేదాకా నీ దగ్గరే ఉంచక్కా." అంత ఎండలో, పత్తి దూది ఎగురుతున్న ఆ మిల్లులో, నా ఒళ్లంతా చెమటలు పట్టాయి. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాను.

మద్రాసు రైలెక్కించడానికి స్టాఫంతా చీరాల స్టేషనుకి వెళ్లాం. శాలువా నా సంచిలో మడిచి పెట్టుకునే వెళ్లాను. ఇచ్చేద్దామనే వెళ్లాను. తీరా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక భయమేసింది. ఆ రోజు తెలియనిది ఇవాళ ఎలా తెలిసిందని ఎవరైనా అడిగితే? నా కుళ్లు అందరి ముందూ బయటపడుతుంది. పిల్ల కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి, "పెద్దమ్మా, సంచిలో నాకేం తెచ్చావు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా," అన్నాను. రైలు కదిలింది.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. పల్చటి నీలం కాయితం మీద సందు లేకుండా రాసింది.

"అక్కా, ఇక్కడిప్పుడు చలికాలం! తెల్లారేసరికి బయట బకెట్లో నీళ్ల మీద మంచు కడుతోంది. దిగిన రోజు నుంచీ పాపకి పిల్లికూతలు. పదకొండు రాత్రులు పడుకోలేదు, నా చీరలన్నీ మడతలేసి కప్పి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఒకరోజు పెదాలు నీలంగా అయిపోతే ఆసుపత్రికి పరిగెత్తాను. పక్కింటావిడ రెండు కంబళ్లు ఇచ్చింది, ఆవిడకి మన కారం ఇచ్చాను. ఇప్పుడు పాప బాగుంది, కంగారు పడకు. పాపం, ఈ చలి సంగతి నీకు కూడా తెలియకపోయింది కదక్కా. తెలిస్తే చెప్పకుండా ఉంటావా? మన పుస్తకాల్లో లేదేమో. ఈసారి పిల్లలకి నా పేరు చెప్పి చెప్పు."

తేలు కుట్టిన దొంగలా తొమ్మిది రోజులు గడిపాను. తెలుసని రాస్తే నేనెలాంటి మనిషినో ఆమెకి తెలిసిపోతుంది. తెలియదని రాస్తే పదిహేనేళ్ల నా చదువూ, చెప్పిన పాఠాలూ అబద్ధమైపోతాయి. ఆ ఉద్యోగానికి నేనే సరైనదాన్నని అంతకాలం దేన్ని చూసుకుని కుళ్లానో, అదే వదులుకోవాలి.

పదో రోజు కాయితం తీసుకుని కూర్చున్నాను. పెట్టె మీద ఆ శాలువా మడతపెట్టే ఉంది.

"నాకు తెలియదమ్మాయ్. నువ్వు చెప్పాకే తెలిసింది," అని రాసి, కింద సంతకం పెట్టాను.