ఉప్పు చూసే బావ

నిన్న పొద్దున్న పాలు తీసి బకెట్ అరుగు మీద పెడుతుంటే ఫోన్ మోగింది. మేనల్లుడు.

"మావా, నాన్న లెగట్లేదు."

నిద్రపట్టి ఉంటుంది, ఇంకోసారి పిలువు అన్నాను. ఫోన్లో వాడి ఏడుపు వినపడింది.

అప్పుడు అర్థమైంది.

మొన్న సాయంత్రమే బావా నేనూ పొలం గట్టు మీద కూర్చుని తాటి ముంజెలు తిన్నాం. నాలుగు కాయలు మిగిలితే రేపు తిందామని పక్కన పెట్టాడు.

మా తవిటయ్య బావ. మా అక్క భర్త. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు చెబితే కొందరు గుర్తుపట్టకపోవచ్చు. ఉప్పు చూసే ఆయన అంటే మాత్రం అందరికీ తెలుసు.

ఎవరింట్లో ఫంక్షన్ అయినా గుండిగ దించే ముందు బావను పిలిచేవారు. వంటాయన గరిటెతో కొంచెం పులుసు బావ అరచేతిలో పోసేవాడు. బావ నాలుకకు తాకించుకుని కళ్ళు మూసుకునేవాడు.

"ఇంకో గుప్పెడు" అనేవాడు. లేకపోతే "వడ్డించీండి" అనేవాడు.

ఆ మాట వచ్చేదాకా ఆకులు వేసేవారు కాదు.

ఇంట్లోనూ అంతే. అక్క వంటకి రోజూ ఏదో ఒక వంక. ఒక రోజు చింతపండు ఎక్కువ, ఇంకో రోజు పోపు మాడింది. అక్క గొణుగుతూనే మర్నాడు సరిచేసేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే మాటల్లో సగం అవే.

తర్వాత కోవిడ్ వచ్చింది. బావకి జ్వరం తగ్గింది, మనిషి లేచి తిరిగాడు. అంతా బాగుందనుకున్నాం.

మరుసటి ఏడాది మా గృహప్రవేశం. గుమ్మడికాయ దప్పళం కాచాం. బావ చూసి "వడ్డించీండి" అన్నాడు.

మొదటి బంతి కూర్చుంది. అందరూ దప్పళం కలుపుకున్నారు. కానీ ఎవరి చెయ్యీ చురుగ్గా ఆడటం లేదు.

ఒక పెద్దాయన నన్ను దగ్గరకు పిలిచి, పక్కవాళ్ళకు వినపడకుండా, "బాబూ, నాకు కొంచెం ఉప్పు ఎయ్యి. ఈయేల నా నోరు బాగోనేదు" అన్నాడు.

పక్కాయనకి వినపడనే వినపడింది. "నాకూ ఎయ్యి. నాకూ ఒంట్లో బాగోనట్టుంది" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి దప్పళం నోట్లో వేసుకున్నాను. అందులో ఉప్పే లేదు. వంటాయన మరిచిపోయాడు. బావ బాగుందన్నాడు కాబట్టి బంతిలో ఉన్నవాళ్ళందరూ తమ నాలుకలనే అనుమానించారు.

బావను బోరింగు దగ్గరకు తీసుకెళ్ళి అడిగాను. చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"ఉప్పు తెలట్నేదురా. పులుపూ తెలట్నేదు. ఆ జెరం కాణ్ణుంచీ అంతే. శ్రీకాకులం ఎల్లి డాక్టరుకి సూపించుకున్నాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మీ అక్కకి సెప్పకు."

"సెప్తే ఏటవుతాది బావా?"

"రుసి తెలీనోడికి వండడమేటని దాని సేతులు పడిపోతాయిరా."

నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటి నుంచి ఎక్కడ వంటైనా నేను పక్కన ఉండేవాడిని. ముందు నేను రుచి చూసి, ఉప్పు తక్కువైతే దగ్గేవాడిని. ఒకసారి నాకు నిజంగానే దగ్గు పట్టుకుంది. ఆ రోజు వంకాయ కూర తిన్నవాళ్ళు ఈ పోస్ట్ చదువుతుంటే మన్నించండి.

ఇంట్లో దగ్గడానికి మాత్రం నేను లేను.

బావ వంకలు పెట్టడం మానేశాడు. ఏది పెట్టినా "బాగున్నాది" అనేవాడు.

ఒక రోజు అక్క నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఒరే తమ్ముడూ, మీ బావకి నా మీద మనసు ఇరిగిపోనాదేటిరా? మూడు కూరలొండినా అదే మాట, సారు నీల్లు పోసినా అదే మాట. తిట్టినా బాగుణ్ణు."

నాకు పనుందని చెప్పి బండెక్కి వచ్చేశాను.

బావకి తిండి మీద ఇష్టం పోలేదు. జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశనగలు ఉండేవి. కొరికినప్పుడు పటపటమంటే ఆయనకు తృప్తి. ఎండలో చల్లటి అంబలి గొంతు దిగుతుంటే, వెనకటికి ఉప్పు చూసినట్టే కళ్ళు మూసుకునేవాడు.

అన్నిటికన్నా ముంజెలంటే ఇష్టం. మొన్న బొటనవేలు గుచ్చి, నీళ్ళు పీల్చి, నవ్వాడు.

"దీనికి రుసేటున్నాదిరా? సల్లగా జారిపోతాది, అంతే. ముంజె కాడ నువ్వూ నేనూ ఒకటే."

నిన్న సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. ఈరోజు పొద్దున్న అక్క పక్కన కూర్చుని ఉన్న సంగతి చెప్పేశాను.

అక్క ఏడవలేదు. వంటింటి వైపు చూస్తూ ఉంది.

"అయితే నా వంట మీద కోపం కాదన్నమాట."

"కాదక్కా."

మళ్ళీ తనే అంది.

"జెరం పడ్డ మనిషని అన్నీ మెత్తగా ఒండి పెట్టినాన్రా ఇన్నాల్లూ. నువ్వు ఒక్క మాట సెప్పుంటే రోజూ వడియాలు ఏపుదును గదా."

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాననుకున్నాను. ఆయనకు దక్కగలిగిన ఆ కాస్త సుఖం కంచంలోకి రాకుండా అడ్డుపడ్డానని ఈరోజు తెలిసింది.

ఇదంతా రాయనా అని అక్కను అడిగాను.

"రాయి. ఆ దప్పళం తిన్నోల్లు తమ నోరే బాగోనేదని ఇంకా అనుకుంటన్నారు" అంది.

పెద్దకర్మ రోజు భోజనాలకు ఉప్పు నన్నే చూడమంది. చూస్తాను. తక్కువైతే ఎవరూ మొహమాటపడకండి, అడిగి వేయించుకోండి.

మిగిలిన నాలుగు కాయలూ గట్టు మీదే ఉన్నాయి. సాయంత్రం కొట్టించి అక్కకు ఇస్తాను.

బావా, ఇక నువ్వు ఎవరి దగ్గరా ఏదీ దాచక్కర్లేదు.

ఉన్నచోట చల్లగా, నెమ్మదిగా ఉండు.