మా అమ్మాయికి కల్నల్‌గారి ఉత్తరం

కువైట్‌లో ఏ పని జరగాలన్నా వాస్తా ఉండాలి. వాస్తా అంటే పెద్దమనిషి మాట సాయం. సల్వాలో నేను వంటచేసే ఇంటి మామాకి, అంటే యజమానురాలికి, ఒక తమ్ముడున్నాడు, ఇక్కడి సైన్యంలో కల్నల్. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కాగితాలు ఆగిపోతే ఆయన ఒక్క ఫోను చేశాడు. ఖలాస్, సాయంత్రానికి పని అయిపోయింది.

అందుకే మా అమ్మాయి మన దేశంలో మిలిటరీ ఆఫీసరు చదువుకి రాతపరీక్ష పాసయిందని తెలియగానే, ఆయనకి ఇష్టమైన మాంసం అన్నం వండిపెట్టి ఉత్తరం అడిగాను. మంచి కుటుంబం అని అరబ్బీలో రాసి, ముద్ర కూడా వేసిచ్చాడు. సెలవుకి ఊరెళ్తున్న పక్కింటి పనిమనిషి నర్సమ్మ చేత మా చెల్లెలి ఇంటికి పంపాను. అమ్మాయి ఉండేది అక్కడే.

అది ఫోనులో ఒకటే నవ్వు.

"ఏంటే అమ్మా, మన మిలిటరీకి పరాయి దేశం కల్నల్ సిఫారసా? గేటు కాడే ఆపేత్తారు!"

"మరి ఎవరు చెబితే తీసుకుంటారే?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. ఐదు రోజులు ఇంటర్వ్యూ. గుండెల మీద నంబరు కడతారు, ఆ నంబరుతోనే పిలుత్తారు. గోడలెక్కిత్తారు, కథలు రాయిత్తారు. ఆనక డాక్టర్లు చూత్తారు. అన్నీ దాటితే మార్కులు కలిపి జాబితా. సీట్లు ఎన్నుంటే పైనుంచి అంతమందికే పిలుపు."

"అయితే నా వంట దండగేనా?"

"కల్నల్‌గారు తిన్నాడుగా, దండగెందుకవుద్ది?"

నవ్వింది గానీ దానికీ గుబులే. కిందటిసారి మొదటిరోజే ఇంటికి పంపేశారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది.

ఇంటర్వ్యూలో ఆఫీసరుగారు అమ్మ ఏం చేస్తుందని అడిగితే, ఇది ఉత్తరం సంగతంతా చెప్పేసిందట. ఆయన నవ్వు ఆపుకొని, "ఏదీ ఆ ఉత్తరం?" అన్నారట.

"మా పిన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది సార్."

తర్వాత డాక్టర్ల పరీక్షా అయింది. జాబితా కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. చివరికి ఫోనొచ్చింది. పిలుపు అందినవాళ్ళలో కిందనుంచి రెండోది మా అమ్మాయి. నా బొంగురు గొంతుతో ఏడుస్తుంటే ఎవరో పోయారనుకుని మామా పరిగెత్తుకొచ్చింది.

శుక్రవారం కల్నల్‌గారు వచ్చి మీసం దువ్వుకున్నాడు.

"చూశావా, నా ముద్రంటే ఏమనుకున్నావు?"

నేను కాదనలేదు. ఇంకో రెండు నెలల్లో నా ఇఖామా గడువు అయిపోతుంది, మళ్ళీ కట్టించాలి. మాంసం కాస్త ఎక్కువే వడ్డించాను.