మిషన్‌లో మార్చే జల్లెడ

పెనుకొండలో మాది పిండిమిషన్. నాకు చదువురాని రోజుల్లో ఒకసారి, ఎవరి పసిబిడ్డ కోసమో ఆడిన రాగిపిండిని మిరపపొడి డబ్బాలో పోశాను. డబ్బా మీద చీటీ ఉంది. నాకే చదవడం రాలేదు. నోరు మండి ఆ బిడ్డ పొద్దంతా ఏడ్చిందని తల్లి వచ్చి చెప్పింది. ఆ వారమే, హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి చేత మిషన్ బల్ల మీద రాలిన పిండిలో అక్షరాలు దిద్దించుకున్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి.

ఆ అమ్మాయే హిందూపురంలో కంప్యూటర్ డిగ్రీ చదివింది. మొదటి ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. జెనెరిక్ టైపులను లాంబ్డాలతో ఎలా వాడతారు, అసలు ఎందుకు వాడాలి అని అడిగారట. కంఠస్థం చేసింది చెప్పింది గానీ ఎందుకో చెప్పలేకపోయింది.

ధర్మవరంలో రెండో ఇంటర్వ్యూకి ముందు, మిషన్ దగ్గరే కూర్చుని నోట్‌బుక్కులో రాసుకుంటోంది. ప్రతి వరుసలో ఒంటరిగా ఉన్న ఆ ఇంగ్లీషు 'టి' ఏమిటని అడిగాను.

"జెనెరిక్ టైపంటే అదేమా. ఏ సరుకైనా కావచ్చు. ఒకసారి రాగులని చెప్తే ఇంక రాగులే. వేరేది పోస్తే, పని మొదలుపెట్టకముందే కంప్యూటర్ వద్దంటాది."

"ఆ పొద్దు నా డబ్బాకు ఆ తెలివి ఉండింటే" అన్నాను. నవ్వబోయి ఆగిపోయింది.

లాంబ్డా అంటే పేరు పెట్టని చిన్న పని అంది. అది కూర్చునే చోటు ఫంక్షనల్ ఇంటర్‌ఫేస్, అందులో ఒక్క పనికే జాగా ఉంటుందట. నేను మిషన్ మూత తీసి చూపించాను. జల్లెడకు చోటు ఒక్కటే. పిండి కావాలంటే సన్నది, సంగటి నూకకు పెద్ద కన్నాలది బిగిస్తాం. మిషన్ మారదు. అమ్మాయి దాన్ని చూసి, మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

ఇంటర్వ్యూ రోజు మిషన్ మూసి నేనూ వెళ్లాను. బయటికి రాగానే, మళ్లీ అదే అడిగారని చెప్పింది. మిరపపొడి డబ్బా కథ చెప్పి, జల్లెడ బొమ్మ గీసి, దాని కింద కోడ్ రాసిందట.

"నా తప్పు ధర్మవరం దాకా మోసినావా?"

"నీ పేరు చెప్పలేదులేమా."

మధ్యాహ్నం ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల జాబితా గోడకు అంటించారు. అమ్మాయి దగ్గరికి పోకుండా దూరంగానే నిలబడింది. ఇంగ్లీషు అక్షరాలు నేను ఇంకా కూడబలుక్కునే చదువుతాను. వెనక పిల్లలు తోసుకుంటున్నా, వేలు పెట్టి పైనుంచి ఒక్కొక్క పేరే చదువుతూ వచ్చాను.

"యాడన్నా ఉండాదా మా?"

"రెండుసార్లు చదివినా పాపా. నాలుగోది నీదే."