దిగుడు నడవని గుర్రం

ప్రార్థన మందిరంలో ఇథెల్ ప్యూ ఎప్పుడూ తలుపు పక్క చివరి బల్ల మీదే కూర్చునేవాడు. అతను కూర్చున్నా అతని కుడికాలు కూర్చునేది కాదు. మడమతో నేలను నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. బోధకుడి గొంతు వేగం అందుకుంటున్న కొద్దీ ఆ నొక్కుడు గట్టిపడేది.

“ఆపవయ్యా,” అని భార్య ఐర్వెన్ మోచేత్తో పొడిచేది. “ఆయన ప్రసంగం పట్టాలేం తప్పదులే.”

“ఏమో, మలుపు ముందు ఇంత జోరేంటి మరి,” అనేవాడు ఇథెల్, పెదవులు కదలకుండా.

ముప్పై ఎనిమిదేళ్ళు బ్రేకు తొక్కిన కాలు అది. వేల్స్ కొండల్లోని మా ఊళ్ళో సగం మందికి ఇంటిపేరు ఒకటే. అందుకని మనిషిని పనితోనే గుర్తుపట్టాలి. రొట్టెలమ్మేవాడు రొట్టెల ఓవెన్, బావులు తవ్వేవాడు బావి మెరెడిత్, ఇతను బ్రేకు ఇథెల్. నేనూ చాలా దేశాల్లో చాలా రైళ్ళెక్కాను. వాటిలో ముందుకు లాగేవాడికి ఉన్న పేరు ఆపేవాడికి లేదు. ఈ చిన్న లైను మీద మాత్రం లాగేవాడే లేడు, ఆపేవాడే అంతా.

పైన బ్రిన్ ఎయిథిన్ పలకరాతి గని. కింద ఏడు మైళ్ళ దూరంలో అబెర్‌వెన్ రేవు. మధ్యలో నీళ్ళు నిండి మూతపడిన సీసం గని ఒకటి, వీధుల్లో పరిచే రాళ్ళు కొట్టే క్వారీ ఒకటి. వీటన్నిటికీ కలిపి 1863లో గని యజమాని తాత రెండడుగుల వెడల్పు పట్టాలు వేయించాడు. వాలు ఎంత లెక్కగా పెట్టించాడంటే, నిండు వ్యాగన్ల చక్రాల కింది కట్టె తీస్తే చాలు, తమంతట తామే రేవు చేరతాయి. మధ్యలో ఒకసారి ఆవిరి ఎంజన్ కొన్నారు. చెక్క వంతెనలు దాని బరువుకు మూలిగాయి. మూడు నెలలకే దాన్ని పట్టాల మీంచి దించి రంపపు షెడ్డులో కట్టేశారు. ముప్పై ఏళ్ళు అది కదలకుండా రాళ్ళు కోసింది. పాపం, రైలెంజన్‌గా పుట్టి రంపంగా బతికింది.

పలకల సంగతి కూడా చెప్పాలి. ఇంటి కప్పు మీద వేసే పలకలకు కొలతను బట్టి పేర్లుంటాయి. పెద్దవి డచెస్‌లు, వాటి కింద కౌంటెస్‌లు, ఇంకా చిన్నవి లేడీలు. అంటే ఇథెల్ రోజూ పొద్దున్నే ఇరవై వ్యాగన్ల దొరసానుల మీద నడిచి, ఒక్కో వ్యాగన్ బ్రేకూ బిగిస్తూ వదులుతూ కొండ దిగేవాడన్నమాట. గనిలోని తిండి గుడిసెలో ఈ మాట మీద వేసే జోకులు ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆ ఇరవై వ్యాగన్ల చివర పక్కలు ఎత్తయిన చెక్క వ్యాగన్ ఒకటుండేది. అందులో గుర్రం నిలబడి గడ్డి నములుతూ దిగేది. ఎక్కేటప్పుడు ఖాళీ వ్యాగన్లను లాగాల్సింది గుర్రమే. లాగేవాణ్ణి దిగేటప్పుడు అలసిపోనివ్వకూడదన్నది లైను పుట్టిన నాటి పద్ధతి. ఒకటి పోయాక ఒకటిగా వచ్చిన గుర్రాలన్నిటిలో చివరిది బారన్. బండెక్కి ఊరేగుతుందని ఆ ప్రభువుల పేరు. చదునైన మోన్ దీవిలో పుట్టి, నాలుగో ఏట గనికి వచ్చింది. పదిహేనేళ్ళుగా ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు బండి. ఎవరూ పిలవనక్కర్లేదు. చివరి వ్యాగన్ వెనక చెక్కతలుపు వాల్చిన చప్పుడు వింటే తనే వచ్చి ఎక్కేది. బ్రేకు బిగిసే ముందు ఇథెల్ ఊదే ఇత్తడి బూర వింటే కాళ్ళు ఎడంగా పెట్టుకునేది.

1936 శరదృతువులో తిండి గుడిసె తలుపుకు కాగితం అంటించారు. పెంకుల ధరతో పలకలు పోటీపడలేవు, లారీలతో లైను పోటీపడలేదు. శుక్రవారంతో గని మూత, సోమవారం నుంచి పట్టాలు పీకుడు. కొంతమంది దక్షిణాన బొగ్గు గనులకు వెళ్తామన్నారు. కొంతమంది టీ డబ్బాలు నేలకేసి కొట్టారు. ఇథెల్ ఆ కాగితం చివరి వరుస మాత్రం రెండుసార్లు చదివాడు. శనివారం మధ్యాహ్నం గుర్రాల కసాయి లారీ వస్తుందని ఉందక్కడ.

బుధవారం అతను కొండ కింద నది ఒడ్డున ఉన్న నెస్టా బెబ్ పొలానికి వెళ్ళాడు. నెస్టా విధవరాలు, అతనితో ఆదివారం బడిలో చదువుకున్న మనిషి. ఆమె గేటు ముందు నుంచే లైను పోతుంది. ముప్పై ఏళ్ళుగా బూర వినబడితే ఆవులను పక్కకు తోలేది.

“గుర్రం కావాలా, నెస్టా?”

“ఎన్నేళ్ళది?”

“పందొమ్మిది.”

“నీకంటే కాస్త చిన్నదే.” పాలకుండ కింద పెట్టి ఏప్రన్ అంచు నడుముకు చెక్కింది. “చూడు ఇథెల్. కిందటేడు సంతలో కొన్నదాన్ని లారీలో దించి పోయారు. లారీ మలుపు తిరిగాక చూద్దును కదా, మూడు కాళ్ళ మీద నిలబడుంది. ఇంక నాకు మోసుకొచ్చిన గుర్రం వద్దు. నా గేటు దాకా తన నాలుగు కాళ్ళ మీద నడిచొస్తే, చచ్చేదాకా గడ్డి నాది. బండిలో వచ్చిందా, ఆ బండిలోనే పోతుంది.”

“అంతేనా? నడకేగా,” అన్నాడు ఇథెల్.

చివరి సరుకు బుధవారంతోనే దిగిపోయింది. గురువారం పొద్దున బారన్‌ను కళ్ళెం పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాడు. గని దగ్గర నేల చదును, బాగానే నడిచింది. రోడ్డు కొండ అంచు దాటి కిందికి వంగే చోట ఆగింది. ఇథెల్ లాగాడు. బారన్ అతని వైపు చూసి, తర్వాత రోడ్డుకు రెండు వైపులా చూసింది. బండి ఇంకా రాలేదేమిటా అన్నట్టు.

పిప్పరమెంటు చూపించాడు. మెడ చాచి అందుకుంది, కాళ్ళు కదపలేదు. కోటు తీసి కళ్ళకు కట్టాడు. వణికింది. ఎక్కుతున్నాననుకుంటుందేమోనని మొహం కొండవైపు తిప్పి, ఛాతీ మీద చేయిపెట్టి వెనక్కి నెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, కుక్కలా పిర్రల మీద కూర్చుండిపోయింది.

రొట్టెల ఓవెన్ బండి ఆపి చూశాడు. “ఏం బ్రేకన్నా, ఇంటికి పంపించి కుర్చీ తెప్పించనా దానికి?”

“దానికి దిగడం రాదురా.”

“రాకపోవడమేంటి? గుర్రం కదా.”

“నువ్వెప్పుడైనా నేర్పావా? నేనెప్పుడైనా నేర్పానా? పదిహేనేళ్ళు దొరలా దింపాం. ఇప్పుడు నడవమంటే ఎట్లా నడుస్తుంది?”

అలా చెప్తున్నప్పుడే ఇథెల్‌కు అర్థమైంది, ఆ తప్పు తనదని. ఎండాకాలం సాయంత్రాలు ఎన్నో వచ్చిపోయాయి. ఒక్క సాయంత్రం దాన్ని ఈ రోడ్డు మీద దింపి ఉంటే సరిపోయేది. శుక్రవారం మళ్ళీ ప్రయత్నించాడు. అదే అంచు, అదే ఆగడం. ఆ రోజు ఇంట్లో భోజనం బల్ల దగ్గర అతని కాలు ఎంతగా నొక్కిందంటే గిన్నెలో పులుసు తొణికింది.

“ఇంక చాలు,” అంది ఐర్వెన్. “ఆ వ్యాగన్ ఇంకా గని పక్క పట్టాల మీదే ఉంది కదా.”

ఇథెల్ తలెత్తాడు.

“అనుమతి అడిగితే లేదంటారు,” అంది ఆమె. “అడక్కపోతే లేదనేవాడెవడు?”

“నెస్టా బండిలో తేవద్దంది.”

“గేటు దాకా అంది. గేటు ముందు పావు మైలు చదునేగా. అక్కడ ఆపి దింపు.” సంచీలోంచి పిప్పరమెంట్ల పొట్లం తీసి అతని ముందు పెట్టింది. అవి ప్రసంగం వినడానికని ఆమె దాచుకునేవి.

శనివారం తొమ్మిది గంటలకు సన్నటి తుంపర. ఇథెల్ ఆ వ్యాగన్ చెక్కతలుపు వాల్చాడు. ఆ చప్పుడు వినగానే కొట్టంలోంచి బారన్ తనే వచ్చి ఎక్కింది. చక్రం కింది కట్టె తీశాడు.

ఇరవై వ్యాగన్ల బరువుతో దిగే మనిషికి ఒంటరి వ్యాగన్ కొత్త. తేలిక గనక ఊగుతోంది. తడి పట్టాల మీద చక్రాలు జారుతున్నాయి. సీసం గని దాటేసరికి కాలు నొప్పి మొదలైంది. అయినా అతనికి లోపల ఏదో సర్దుకుంది. కదిలే దాని మీద నిలబడితేనే అతను నిలకడగా ఉంటాడు. రాళ్ళ క్వారీ దాటాడు, వంతెన దాటాడు. పొడవాటి వాలు మీదికి రాగానే అలవాటుగా బూర ఊదాడు. వెనక బారన్ కాళ్ళు ఎడంగా పెట్టుకున్న చప్పుడు వినబడింది.

ఇథెల్‌కు తెలియనిదల్లా ఒకటే. పట్టాలు పీకడానికి పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ సోమవారం దాకా ఆగలేదు. పీకిన ఇనుము బరువు లెక్కన కూలి గనక శుక్రవారమే రేవు దగ్గర మొదలుపెట్టి, శనివారం పొద్దుటికి నెస్టా గేటు దాకా వచ్చేశాడు. పైనున్న వాళ్ళకు కబురు చెప్పాలని అతనికి తట్టలేదు. చెప్పడానికి పైన ఎవరున్నారు గనక?

మలుపు చివర దూరంగా మనుషులు కనబడ్డారు. ఇథెల్ మళ్ళీ బూర ఊదాడు. వాళ్ళలో ఒకడు టోపీ తీసి ఊపాడు. బూరంటే పలకరింపనుకున్నాడు పాపం. ఇథెల్ కూడా చేయి ఊపబోయాడు. అప్పుడు గేటులోంచి నెస్టా బయటికొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ బూర వింటే ఆవుల్ని పక్కకు తోలి, గోడకానుకుని నిలబడే మనిషి పట్టాల మధ్య నుంచి ఎదురు పరిగెత్తుకొస్తోంది. ఎర్ర ఫ్లానెల్ లోపలి లంగా విప్పి తలపైన తిప్పుతోంది.

నెస్టా పరిగెత్తగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ పరుగు చూసే ఇథెల్ బ్రేకు మీద నిలువునా నిలబడ్డాడు. చక్రాలు ఆగాయి కానీ వ్యాగన్ ఆగలేదు, జారుతోంది. ఒక క్షణం బ్రేకు వదిలి, చక్రాలు తిరగనిచ్చి, మళ్ళీ తొక్కాడు. వదిలాడు, తొక్కాడు. మందిరంలో నేల మీద ముప్పై ఎనిమిదేళ్ళు తొక్కిన తొక్కుడే అది. చదును మొదలైంది. వేగం తగ్గింది. పట్టాలు లేని చోటికి ఎనభై గజాల ముందు వ్యాగన్ ఆగింది.

నెస్టా ఆయాసంతో వ్యాగన్ అంచు పట్టుకుంది.

“ఏరా,” అంది ఊపిరందాక, బడినాటి పిలుపుతో. “చావాలనుకుంటే నీ గడప ముందు చావు. నా గేటు దగ్గరెందుకు?”

ఇథెల్ చెక్కతలుపు వాల్చాడు. పొట్లం విప్పబోతే పిప్పరమెంటు ఒకటి కింద పడింది. బారన్ దిగింది, పడ్డదాన్ని వెతుక్కుని తింది, అతని వెనకే నడిచింది. ఎనభై గజాలు నడిచి గేటు దగ్గర ఆగింది.

“నాలుగు కాళ్ళ మీద,” అన్నాడు ఇథెల్.

“బండిలో వచ్చింది. నా కళ్ళతో చూశాను.”

“గేటు దాకా నడిచొచ్చింది. అదీ నీ కళ్ళతోనే చూశావు.”

నెస్టా వంగి నాలుగు కాళ్ళూ తడిమింది. గిట్టలెత్తి చూసింది. లంగాను చంకలో పెట్టుకుని గేటు తెరిచింది.

కానీ బారన్ లోపలికి పోలేదు. గిరుక్కున తిరిగి వ్యాగన్ దగ్గరికి వెళ్ళి, దానికి వీపు పెట్టి, మొహం కొండవైపు తిప్పి నిలబడింది. కిందికి చేరాక ఖాళీ వ్యాగన్‌ను పైకి లాగాలి. అది దాని పని. గొలుసు తగిలించడం కోసం ఎదురుచూస్తోంది.

మేస్త్రీ టోపీ నలుపుతూ వచ్చాడు. “పెద్దాయనా, ఆ పట్టాలూ కావాలి నాకు. దీన్ని కదిలించండి.”

“కదలదు,” అన్నాడు ఇథెల్. “కాసేపు ఆగు.”

పొద్దున అలవాటుగా తగిలించిన, బండి లాగే మెడపట్టీ దాని మెడ మీదే ఉంది. అదున్నంతసేపూ దానికి పని మిగిలున్నట్టే. ఇథెల్ నెమ్మదిగా మూడు బకిళ్ళూ విప్పి, మెడపట్టీ తలమీదుగా తీసి, తన భుజాన వేసుకున్నాడు. బారన్ దాన్ని వాసన చూసింది. కొంతసేపు కొండవైపే చూసి, తల దించి, గేటు లోపలి గడ్డిలోకి నడిచింది.

ఇథెల్ ఆ బరువు మోసుకుంటూ ఆరు మైళ్ళు పైకెక్కాడు. కసాయి లారీ వచ్చి ఖాళీగా పోయిందని ఓవెన్ దారిలోనే చెప్పాడు. గని వాళ్ళు అరిచారు, జీతంలో కోశారు. మందిరంలో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఐర్వెన్ మాత్రం పిప్పరమెంట్లు లేకుండా గంటన్నర ప్రసంగం విన్నానని ఏడాదిపాటు దెప్పింది. పట్టాలు పోయాక ఆ వ్యాగన్‌ను నెస్టా పచ్చిక అంచుకు చేర్చి నిలబెట్టారు. బారన్ వానొస్తే అందులోకి ఎక్కి నిలబడేది.

ఆ గుర్రం ఇంకో ఐదేళ్ళు బతికింది. ఆ ఐదేళ్ళూ ఇథెల్ రోజూ దాన్ని చూసి రావడానికి కొండ దిగేవాడు. గుర్రం పక్కన నడిచి ఎక్కిన అలవాటుంది గనక ఎక్కడం అతనికి లెక్కలేదు, దిగడమే కష్టం. దిగే దారంతా బండి మీదే గడిచిన మోకాళ్ళు అవి. రోడ్డు కిందికి వంగే అంచు దగ్గర రోజూ ఆగి, రెండు వైపులా చూసి, అప్పుడు కాలు కదిపేవాడు.

“ఏం బ్రేకన్నా,” అని ఓవెన్ రొట్టెల బండి మీంచి అరిచేవాడు. “వ్యాగన్ కోసం చూస్తున్నావా?”

“లేదురా. మోకాళ్ళను బతిమాలుతున్నా.”