గాసి మూడు వద్దులు

గాసికి ఉన్నది ఒకటే జబ్బు: మూడుసార్లు వద్దనకుండా దేనికీ సరేననడు. వానలో తడుస్తూ గొడుగు వద్దంటాడు. నాలుక పిడచగట్టుకుపోతున్నా నీళ్ల చెంబు వద్దంటాడు. భార్య ముత్యాలమ్మ దీనికి ఉపాయం కనిపెట్టింది. "తింతావా, తింతావా, తింతావా" అని ఒక్క గుక్కలో అడిగేసి చోడంబలి ముందు పెట్టేసేది. మూడు వద్దులూ అతను తాగుతూ తాగుతూ అనేవాడు.

ఈ సంగతి పాపం విశాఖపట్నం నుంచి వచ్చిన విశ్వాసం అనే మేస్త్రీకి తెలియదు. అతను రంగూన్ కలప డిపోకి మనుషుల్ని చేర్చేవాడు. గొడ్డలి పట్టడంలో గాసి మేనల్లుడు బుధుని మించినవాడు లేడని విని అరకు కొండెక్కాడు. బుధుకి ఓడెక్కాలని తహతహే, కాని మేనమామ గాసి ఒప్పుకుంటేగాని కదలడు. బుధు లేకుండా వెళితే డిపో దొర ఈ మేస్త్రీ ఉద్యోగం పీకేస్తాడు. ఓడ ఇంకో నెలకి.

"నెలకి పదిహేను రూపాయలు తాతా. ఓడ ఖర్చు మాదే."

"వద్దు బాబూ."

"పదహారు!"

"ఏటి, నాను రూపాయిలడిగానా?"

విశ్వాసం తెల్లమొహం వేశాడు. పైగా వద్దన్న మనిషే పనసపండు ఎత్తి అతని భుజాన పెట్టి సాగనంపాడు. ఇది కోపమో ప్రేమో దారి పొడవునా అతనికి అంతుపట్టలేదు.

వారానికి మళ్లీ ఎక్కాడు. పద్దెనిమిది రూపాయలు, బియ్యం, రెండు జతల బట్టలు, కంబళి అన్నాడు.

"వద్దు."

"పోనీ, తోడుగా నువ్వూ వస్తావా?"

"వద్దు."

"ఈ వద్దూ ఆ వద్దూ ఒకటేనా తాతా?"

"ఇది ఏరే లెక్క బాబూ," అని ఈసారి సొరబుర్ర నిండా తేనె ఇచ్చాడు గాసి.

మూడోసారి ఎక్కేసరికి మేస్త్రీ మోకాళ్లు వాచిపోయాయి. ఇరవై రూపాయలు, జ్వరమొస్తే మందు, రెండేళ్లకి తిరుగు ఖర్చు. అంతకు మించి ఇవ్వడానికి అతని దగ్గర చొక్కా తప్ప ఏమీ లేదు.

"వద్దు," అన్నాడు గాసి.

విశ్వాసం నేలమీద కూలబడ్డాడు. ముత్యాలమ్మ జాలిపడి గుసగుసగా చెప్పింది. "మూడయ్యాయి బాబూ. ఇప్పుడడుగు, బేగి!"

"బు... బుధుని పంపుతావా?"

"పంపుతాను."

"ఎంత జీతానికి?"

"అది నాకేటి తెల్సు? రూపాయిలు పెంచినోడివి నువ్వే గదా."

గాసి అతని పక్కన చతికిలబడ్డాడు.

"యుద్ధమొచ్చిన యేడు ఓ మేస్త్రీ మా తమ్ముడు సుక్రుని పంపమని అడిగితే ఒక్కపాలికే సరే అనీసినాను. తమ్ముడు మళ్లీ రాలేదు. ఆ మేస్త్రీకి మా ఊరి దారైనా గుర్తుందో నేదో. అప్పట్నించి బేగి సరే అనాలంటే నాకు బయమేత్తాది. నువ్వు మూడుపాల్లు కొండెక్కినావు. నీకు దారి మర్సిపోదు. బుధుగాడ్ని తెచ్చి దించాల, తెల్సిందా?"

రంగూన్‌లో తను దింపి వచ్చినవాళ్ల ఊళ్లు ఎక్కడెక్కడున్నాయో తనకే తెలియదని అప్పుడు తట్టి విశ్వాసానికి సిగ్గేసింది.

"నేనే తీసుకొస్తాను తాతా. ఒట్టు."

బుధు మూట కట్టుకున్నాడు. బయల్దేరుతుంటే గాసి ఒక కోడిపెట్టను తెచ్చి మేస్త్రీ చేతిలో పెట్టబోయాడు.

"వద్దు తాతా," అన్నాడు విశ్వాసం.

గాసి మొహం వెలిగిపోయింది. కోడిని ఒళ్లో పెట్టుకుని, మిగతా రెండు వద్దుల కోసం దారి పక్కన తీరిగ్గా కూర్చున్నాడు.