నర్సమ్మ కారుకు నిద్ర పట్టదు

ఆయన అసలు పేరు భార్యకూ, పన్నులు వసూలు చేసేవారికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధి మొత్తానికి ఆయన నిదానం. కార్ల కరెంటు పని చేస్తాడు. ఒకప్పుడు పెద్ద గ్యారేజీలో ఉండేవాడు. ఏ వైరునైనా ముందు చూసి, తర్వాత ఆలోచించి, ఆ తర్వాతే ముట్టుకునే దురలవాటుకు యజమాని ఒళ్లు మండి సాగనంపాడు. అప్పటి నుంచి సొంత షెడ్డు, సొంత నిదానం. "మా ఆయన్ని భోజనానికి పిలవాలంటే పొయ్యి వెలిగించేటప్పుడే పిలవాలి," అంటుంది భార్య.

ఆ ఉదయం ఆయన ముందున్న రోగి నర్సమ్మ కారు. నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి మంచం దిగలేనివాళ్లకు కట్లు మారుస్తుంది. వారమంతా నిక్షేపంగా తిరిగే కారు, సెలవు రోజులు ఇంటి దగ్గర ఆగిందంటే సోమవారం కిక్కురుమనదు. కొత్త బ్యాటరీ వేశారు, అదీ అంతే. ఫర్నిచరు కొట్టు నడిపే కొడుకు తీర్పు చెప్పేశాడు: అమ్మ లైట్లు ఆర్పడం మరిచిపోతోంది, మరిచిపోయే మనిషి స్టీరింగు పట్టకూడదు, కారు అమ్మేయాలి. కొనే మనిషి ఆ పూటే వస్తున్నాడు.

కారు పోతుందన్న బాధ కన్నా పెద్ద భయం నర్సమ్మకు వేరే ఉంది. నిదానాన్ని పక్కకు పిలిచింది.

"అన్నయ్యా, శనివారం లైట్లు ఆర్పి, మళ్లీ తిరిగొచ్చి చూసుకున్నాను. చూశాననే అనుకుంటున్నా. చూడలేదేమో అని కూడా అనిపిస్తోంది. మందుల మోతాదులు గుర్తుండాల్సిన బుర్ర ఇది. కార్లో ఏ లోపమూ లేకపోతే ఆ మాట ముందు నాకు చెప్పు. వాడికి కాదు."

"కారునే అడుగుదాం చెల్లెమ్మా. కాకపోతే అది నిద్రపోయాకే నిజం చెబుతుంది."

కారుకు తాళం వేశాక కూడా లోపలి చిన్న చిన్న యంత్రాలు కాసేపు మేలుకునే ఉంటాయి. ఒక్కొక్కటీ ఆవులించి పడుకోవాలి. అన్నీ పడుకున్నాక కూడా బ్యాటరీలోంచి కరెంటు పోతోందంటే, ఎవరో చాటుగా తాగుతున్నట్టు. ఈలోగా తలుపు తీశామా, సంసారమంతా లేచి కూర్చుంటుంది.

నిదానం బానెట్ ఎత్తాడు. డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, స్క్రూడ్రైవరుతో దాని గొళ్లెం నొక్కి, తలుపు మూసేశామని కారును నమ్మించాడు. బ్యాటరీకీ దాని నెగటివ్ తీగకూ మధ్య మీటరు కలిపి, స్టూలు మీద ఆసీనుడయ్యాడు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు కొడుకు.

"చూస్తున్నాను బాబూ."

"ఎంతసేపు?"

"అది పడుకునేదాకా."

"జోల కూడా పాడతారా?"

"గొంతు బాగోదు."

మీటరు మీద అంకె దిగుతోంది. నర్సమ్మ గోడకు ఆనుకుని, జ్వరం చూసే కళ్లతో దాన్నే చూస్తోంది. అంతలో కొనే మనిషి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే వెనక తలుపు తీసి, సీటు గుద్ది చూశాడు. లోపల దీపం వెలిగింది. అంకె చెంగున పైకి లేచింది.

నిదానం కళ్లు మూసుకున్నాడు. ఆయన కోపానికి అంతకు మించిన రూపం లేదు.

"ఏమైందండీ?" అన్నాడు కొనే మనిషి.

"పడుకోబెట్టిన పిల్లని గిల్లారు," అంది నర్సమ్మ.

"అవతల ఇంకో కారు చూడాలి నేను. ఇప్పుడు తేలకపోతే మళ్లీ రాను."

"ఈ ఒక్కసారికి చూడండి నిదానం గారూ," అన్నాడు కొడుకు. "ఏమీ దొరక్కపోతే కారు ఈయనదే."

మళ్లీ మొదటి నుంచి. అంకె దిగి దిగి, పాయింట్ ఆరు ఆంపియర్ల దగ్గర భీష్మించుకుంది. నిద్రపోతున్న కారుకు అందులో పదోవంతే ఎక్కువ.

"ఉందా అన్నయ్యా?" నర్సమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది.

"ఉంది. ఎక్కడో తెలియాలి."

ఫ్యూజులు పీకితే కారు లేస్తుంది. అందుకని పీకకుండానే, ఇంకో మీటరు ముళ్లను ఒక్కో ఫ్యూజు వీపు మీది రెండు లోహపు చుక్కలకూ ఆనిస్తూ పోయాడు. కరెంటు పారని చోట సున్నా. పారే చోట అంకె పలకాలి. సున్నా. సున్నా. కొనే మనిషి గొంతు సవరించుకున్నాడు. సున్నా. నర్సమ్మ నేల చూపులు చూడసాగింది. సున్నా. లోపలి దీపాల ఫ్యూజు దగ్గర అంకె పలికింది.

దాని తీగ వెంబడే నిదానం వేళ్లు డ్యాష్‌బోర్డు కిందికి పాకాయి. అక్కడ నల్లటేపు చుట్టిన డబ్బా, సబ్బుబిళ్లంత. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తీగ ఊడదీశాడు. అంకె పాయింట్ సున్నా రెండుకు జారిపోయింది.

"ఇదెవరు పెట్టారు?"

కొడుకు కాసేపు ఫర్నిచరులా నిలబడ్డాడు. "నేనే. అమ్మ లైట్లు మరిచిపోతే కూత పెట్టి గుర్తుచేస్తుందని."

"ఒక్కరోజూ కూయలేదేరా!"

"కూయదు చెల్లెమ్మా. తీగలు తప్పుచోట కలిపాడు. కూత లేదు గానీ మేత మాత్రం రాత్రింబవళ్లూ. నీ బుర్ర నిక్షేపంలా ఉంది."

నర్సమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. అక్కడితో ఊరుకుంటే ఆమెను కాదనేవాడు లేడు. కానీ ఊరుకోలేదు.

"మొట్టమొదటిసారి మాత్రం నేనే మరిచాను. ఆ ఒక్కసారే."

"తెలుసమ్మా. దానికే భయపడి ఇది బిగించా," అన్నాడు కొడుకు. కొనే మనిషి వైపు తిరిగి, "కారు అమ్మడం లేదండీ."

"ఇంత మంచి బండి అని ముందే చెప్పొచ్చుగా!" అని విసుక్కుంటూ ఆయన వెళ్లిపోయాడు.

నిదానం బ్యాటరీ తీగ బిగించాడు. నర్సమ్మ సంచీ వెనక సీట్లో పడేసి స్టీరింగు ముందు కూర్చుంది. కొడుకు వచ్చి పక్కసీట్లో ఎక్కాడు.

"నువ్వెక్కడికి?"

"ఇవాళ్టికి తోడొస్తానమ్మా."

"కట్టు కట్టడం వచ్చా?"

"రాదు."

"అయితే దిగు."

దిగాడు.